లడ్డు వాసన ఎక్కడికి పోయింది?

2021 మే నెలలో కరోనా రెండో విడత తిరుపతిని కుదిపేస్తున్నప్పుడు, మా చిన్నమ్మకు జబ్బు సోకిన సంగతి జ్వరం కంటే ముందు లడ్డు వల్ల తెలిసింది. పొట్లం విప్పగానే నెయ్యి, యాలకులు, పచ్చకర్పూరం గుప్పుమనాలి. ఆమె మాత్రం తియ్యగా ఉందని ఊరుకున్నది. మరునాడు సంగటిలోకి నూరిన చెనిక్కాయల ఊర్బిండిలో ఉప్పు తెలిసింది, మిరపకాయ మంట తెలిసింది, వేయించిన గింజల కమ్మదనం మాత్రం తెలియలేదు. తీపినీ ఉప్పునూ చెప్పేది నాలుక, మంటను చెప్పేది ట్రైజెమినల్ అనే నరం. మనం రుచి అనుకునే దానిలో పెద్ద వాటా వాసనదే.

జలుబు చేసి ముక్కు దిబ్బడ వేస్తే వాసన పోవడం అందరూ ఎరిగినదే. కరోనాలో చాలామందికి దిబ్బడ లేకుండానే పోయింది కాబట్టి, వైరస్ వాసన నాడీకణాల్లోకి దూరి వాటి వెంట మెదడుకు పాకుతున్నదేమోనన్న భయం మొదట్లో బలంగా ఉండేది. ఆ భయానికి ఆధారం లేకపోలేదు: ఆ కణాల తంతువులు ముక్కు పైకప్పులోని జల్లెడ లాంటి ఎముక గుండా పోయి, మెదడు అడుగున వాసన సంకేతాలను అందుకొనే ఘ్రాణ లంబికను చేరుకుంటాయి. అయితే వైరస్ లోపలికి పోవడానికి పట్టుకొనే ఏసీఈ2 ప్రోటీన్ ఆ నాడీకణాల్లో దాదాపు లేదనీ, వాటిని ఆనుకొని పోషించే ఆధార కణాల్లో ఉన్నదనీ 2020లో హార్వర్డ్ పరిశోధకులు తేల్చారు. పందిరి కూలితే కాకర పాదుకు పట్టే గతే నాడీకణాలకూ పట్టింది.

అదృష్టవశాత్తు ముక్కు అడుగు పొరలోని మూలకణాలు కొత్త నాడీకణాలను పుట్టిస్తూనే ఉంటాయి గనుక ఎక్కువమందికి వాసన తిరిగి వచ్చింది. కానీ కొత్త తంతువులు ఒక్కొక్కసారి దారి తప్పుతాయి కాబోలు, మూడు నెలల తర్వాత చిన్నమ్మకు తిరగవాత వేసినప్పుడల్లా రబ్బరు కాలుతున్న కంపు కొట్టేది. దీనిని పారోస్మియా అంటారు.

ఇంతమాత్రాన మెదడు క్షేమంగా ఉన్నదనుకోవడానికి లేదు. బ్రిటన్‌లో 785 మంది మెదళ్లను రెండేసి సార్లు స్కాన్ చేసి, నడుమ కరోనా సోకిన 401 మందిని మిగిలినవారితో పోల్చి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, వాసనతో ముడిపడిన ప్రాంతాల్లో నాడీకణాలు కిక్కిరిసి ఉండే బూడిదరంగు పదార్థం (గ్రే మ్యాటర్) 0.2 నుంచి 2 శాతం వరకు అదనంగా తగ్గినట్టు కనిపించింది. వారిలో ఎక్కువమంది ఆసుపత్రి గడప తొక్కనివారే. ఈ తగ్గుదలకు కారణం వైరసా, వాపా, లేక వాసన సంకేతాలు అందక ఆ భాగం పని తగ్గించుకోవడమా అన్నది స్కాన్ చెప్పలేదు. నాకు మాత్రం మూడోది కొట్టిపారేయదగినదిగా తోచదు.

వాసన మందగించినవారికి గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ వాసనలను రోజూ రెండు పూటలా, వారాల తరబడి, మనసు పెట్టి పీల్చే అభ్యాసం కరోనాకు ముందే ఉన్నది. చిన్నమ్మ లవంగం, నిమ్మకాయ పెట్టుకొని, యూకలిప్టస్ చోట పచ్చకర్పూరం డబ్బీ తెచ్చుకున్నది. చివరగా తిరిగి వచ్చిన వాసన అదే.