స్మార్ట్ హోమ్: జనం చెప్పే అపోహలు, బోర్డు విప్పితే కనపడే వాస్తవాలు

ఇళ్ళకి వైరింగ్ చేసే పని నాది, దాంతోపాటే ఈ స్మార్ట్ స్విచ్చులు, సెన్సర్లు, కెమెరాలు బిగించడం కూడా చాలా ఏళ్ళుగా చేస్తున్నా. మొదట్లో నాకూ వీటి పిచ్చి ఉండేది, మా ఇంట్లో బాత్రూమ్ లైటు కూడా యాప్‌తోనే వేసేవాడిని, ఇంట్లోవాళ్ళు తిట్టుకుంటూ చీకట్లో వెళ్ళొచ్చేవాళ్ళు. ఇప్పుడేమో కొత్తవి పెట్టమని వచ్చే ఫోన్లతో పాటు "అన్నా, ఇవన్నీ పీకేసి మామూలు స్విచ్చులు పెట్టెయ్" అని వచ్చే ఫోన్లు కూడా బాగానే ఉంటున్నాయి. ఆ ఇళ్ళల్లో జనం నాతో అనే మాటలే కొన్ని ఇక్కడ రాస్తున్నా.

అపోహ: పాత టెక్నాలజీ అంటే తెలివి లేని టెక్నాలజీ.

వాస్తవం: మీ ఇస్త్రీపెట్టె వేడెక్కగానే దానంతట అదే ఆగి, చల్లారితే మళ్ళీ ఆన్ అవుతుంది కదా, అందులో చిప్పు లేదు, యాప్ లేదు. రెండు రకాల లోహపు పట్టీలు ఒకదానికొకటి అతికించి ఉంటాయి, వేడికి ఒకటి ఎక్కువ సాగుతుంది, రెండోది తక్కువ సాగుతుంది, దాంతో పట్టీ మొత్తం వంగి కాంటాక్ట్ విడిపోతుంది, అంతే. దీన్ని బైమెటల్ అంటాం. 18వ శతాబ్దంలో జాన్ హారిసన్ అనే ఆయన గడియారాల్లో వేడికి టైమ్ తప్పకుండా వాడిన ఉపాయమే ఇది. ఆ పట్టీకి ఇప్పటిదాకా ఎవరూ పాస్‌వర్డ్ పెట్టలేదు, పెట్టాల్సిన అవసరమూ రాలేదు.

మెట్ల దగ్గర టూ-వే స్విచ్ కూడా అలాంటిదే. కింద వేసి పైన ఆపొచ్చు, పైన వేసి కింద ఆపొచ్చు. రెండు స్విచ్చుల మధ్య అదనంగా రెండు వైర్లు లాగితే అయిపోయే పని. ఇదే పని యాప్‌తో చేయించుకుందామని రెండు స్మార్ట్ స్విచ్చులు, వాటన్నిటినీ కలిపి నడిపే డబ్బా, అంటే ఒక హబ్బు, కొనుక్కున్నవాళ్ళని చూశా.

అపోహ: నెట్ పోయినా ఇంట్లో సామానే కదా, పనిచేస్తుంది.

వాస్తవం: కొన్ని చేస్తాయి, చాలావాటికి ఆ తెలివి లేదు. మీరు సోఫాలో కూర్చుని ఫోన్లో లైటు బటన్ నొక్కితే ఆ కబురు ఆరడుగుల దూరంలో ఉన్న బల్బుకి నేరుగా వెళ్ళదు, ముందు రౌటర్ దాటి ఊరు దాటి ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌కి వెళ్ళి, అక్కడ మీరెవరో చూసుకుని, మళ్ళీ వెనక్కొచ్చి బల్బుకి చెప్తుంది. అంతా సెకను లోపే అయిపోతుంది కాబట్టి మనకి తెలీదు. 2021 డిసెంబర్ 7న అమెజాన్ వాళ్ళ క్లౌడ్ సర్వర్లు పడిపోయినప్పుడు మాత్రం అందరికీ తెలిసింది, ఇల్లు ఊడ్చే రోబోలు యాప్ మాట వినలేదు, గుమ్మం దగ్గర కెమెరాలు మొద్దునిద్ర పోయాయి. మళ్ళీ 2025 అక్టోబర్ 20న అదే తంతు, ఈసారి ఎయిట్ స్లీప్ అనే కంపెనీ స్మార్ట్ పరుపులు కొనుక్కున్నవాళ్ళు వేడి తగ్గించుకోలేక, ఎత్తు దించుకోలేక అవస్థ పడ్డారు. పడుకోవడానికి కూడా సర్వర్ పర్మిషన్ కావాల్సొచ్చింది, ఇక నేనేం చెప్పను.

సర్వర్ సంగతి వదిలేసినా ఇంట్లోనే ఇంకో తలనొప్పి ఉంది. ఒక ఇంటికి వెళ్తే హాల్లో స్విచ్ బోర్డు మీద టేపు అంటించి స్కెచ్ పెన్నుతో "ఈ స్విచ్ ఆపొద్దు" అని రాసుంది. ఎందుకంటే స్మార్ట్ బల్బుకి ఎప్పుడూ కరెంటు అందుతూనే ఉండాలి, స్విచ్ ఆపితే బల్బు చచ్చిపోయినట్టే, యాప్‌లో ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది. ఇంటికి వచ్చిన పెద్దావిడ అలవాటు ప్రకారం పడుకునే ముందు స్విచ్ ఆపేసింది, అర్ధరాత్రి లేచిన కొడుకు ఫోన్ పట్టుకుని లైటు వెలగట్లేదని పది నిమిషాలు కుస్తీ పట్టాడంట. ఇంకోటి, కరెంటు పోయి వస్తే చాలా స్మార్ట్ బల్బులు వాటంతట అవే ఫుల్లుగా వెలుగుతాయి, కంపెనీ నుంచి వచ్చేటప్పుడే ఆ సెట్టింగ్‌తో వస్తాయి. తెల్లవారుజామున 3 గంటలకి కరెంటు వస్తే పడగ్గదిలో సూర్యోదయమే. యాప్‌లో మార్చుకోవచ్చు, ఎక్కడుందో వెతుక్కునే ఓపిక ఉంటే.

అపోహ: డబ్బు పెట్టి కొన్నాం, ఇక అది మనదే.

వాస్తవం: గోడ మీద ఉన్న ప్లాస్టిక్ డబ్బా మీదే. దాన్ని నడిపేది మాత్రం కంపెనీవాళ్ళ దయ.

రివాల్వ్ అని ఒక హబ్బు ఉండేది, ధర 300 డాలర్లు, జీవితకాలం సర్వీసు ఫ్రీ అని అమ్మారు. 2014లో ఆ కంపెనీని గూగుల్ వాళ్ళ నెస్ట్ కొనేసింది, 2016 మే 15న సర్వర్లు కట్టేశారు, హబ్బు ఇటుకరాయి అయిపోయింది. జీవితకాలం అంటే ఎవరి జీవితకాలమో అడగలేదు కదా మరి. ఇలాంటి హబ్బులే అమ్మే వింక్ వాళ్ళు 2020లో ఇంకో రకంగా చేశారు, అప్పటికే కొనుక్కుని వాడుతున్నవాళ్ళకి నెలకి 4.99 డాలర్లు కడితేనే యాప్ పనిచేస్తుందన్నారు. ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ స్విచ్చుల కంపెనీ అయితే 2022 ఏప్రిల్‌లో చెప్పాపెట్టకుండా సర్వర్లు ఆపేసింది, తర్వాత వాడకందార్లలోనే కొంతమంది కలిసి ఆ కంపెనీని కొని మళ్ళీ లేపారు. ఇందులో మెచ్చుకోవాల్సింది ఒకటుంది, సర్వర్లు పోయినా ఇన్‌స్టియాన్ గోడ స్విచ్చులు చేత్తో నొక్కితే మామూలుగానే పనిచేశాయి. ఇంట్లో వేడిని అదుపు చేసే నెస్ట్ పాత థర్మోస్టాట్లకి, అంటే మొదటి రెండు తరాల వాటికి, 2025 అక్టోబర్ 25 నుంచి యాప్ కనెక్షన్ ఆపేశారు, వాటికీ అంతే, గోడ దగ్గరికి వెళ్ళి తిప్పుకుంటే పనిచేస్తాయి.

నేను ఎవరికైనా చెప్పేది ఈ ముక్కే. స్మార్టా కాదా అన్నది తర్వాత, అందులో ఉన్న తెలివి చచ్చిపోయిన రోజు అది మామూలు స్విచ్‌గా అయినా మిగులుతుందా లేదా చూడండి. గోడలో బిగించిన మామూలు స్విచ్ పాతికేళ్ళు పడుంటుంది, ఒక యాప్ కంపెనీ అన్నేళ్ళు ఉంటుందని నేనైతే రాసివ్వను.

అపోహ: స్మార్ట్ బల్బులతో కరెంటు బిల్లు తగ్గుతుంది.

లెక్క వేద్దాం. స్మార్ట్ బల్బు ఆఫ్‌లో ఉన్నా మన కబురు కోసం చెవులు రిక్కించి కూర్చుంటుంది, దానికి సుమారు అర వాటు పోతుందనుకోండి. అర వాటు ఇంటూ 24 గంటలు ఇంటూ 365 రోజులు, ఏడాదికి దాదాపు 4.4 యూనిట్లు. అదే మామూలు 9 వాట్ల ఎల్ఈడీ బల్బుని మీరు రోజూ ఒక గంట మర్చిపోయి ఆపకుండా వదిలేస్తే ఏడాదికి 3.3 యూనిట్లు. అంటే మీ మతిమరుపు కంటే దాని ఎదురుచూపులే ఎక్కువ తింటున్నాయి. అలాంటి బల్బులు ఇంట్లో 20 ఉంటే 88 యూనిట్లు ఊరికే పోయినట్టు. ఏసీ, రూమ్ హీటర్, నీళ్ళు కాచేవి, ఇలాంటి పెద్ద లోడుల విషయంలో మాత్రం టైమ్‌కి ఆపితే నిజంగానే కలిసొస్తుంది, కానీ ఆ పనికి మామూలు టైమర్ చాలు.

అపోహ: మా ఇంట్లో ఏముందని హ్యాకర్లు వస్తారు?

వాస్తవం: వాళ్ళకి మీ ఇంట్లో ఏముందో అక్కర్లేదు, మీ కెమెరాలో ఉన్న చిన్న కంప్యూటర్ కావాలి. 2016లో మిరాయ్ అనే వైరస్ చేసింది ఇదే, కంపెనీ పెట్టిన యూజర్‌నేమ్ పాస్‌వర్డ్లు ఓ అరవై చిల్లర జాబితా పెట్టుకుని ప్రపంచం మొత్తం మీద కెమెరాలు, డీవీఆర్లు, రౌటర్ల తలుపులు తట్టింది, మార్చకుండా వదిలేసినవన్నీ తెరుచుకున్నాయి. ఆ సైన్యంతో అక్టోబర్ 21న వెబ్‌సైట్ల పేర్లకి అడ్రసులు చూపించే డైన్ అనే కంపెనీ సర్వర్ల మీద పడితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి చాలామందికి తెరుచుకోలేదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అందరికీ తెలిసిపోయే పాస్‌వర్డ్‌తో ఇలాంటి సామాను అమ్మకూడదని చట్టమే వచ్చింది, ఎన్నాళ్ళు సెక్యూరిటీ అప్డేట్లు ఇస్తారో కూడా ముందే చెప్పాలి.

హ్యాకర్ దాకా ఎందుకు, 2023లో రింగ్ కెమెరాల విషయంలో అమెరికా ట్రేడ్ కమిషన్ పెట్టిన కేసులో ఫిర్యాదు ఏంటంటే, కంపెనీ ఉద్యోగులే జనాల ఇళ్ళలో వీడియోలు చూసే వీలుండేదని. 58 లక్షల డాలర్లకి సెటిల్ చేసుకున్నారు. పడగ్గదిలో కెమెరా పెట్టమని ఎవరైనా అడిగితే నేను మొహం మీదే వద్దంటా. బయట గేటుకి, గుమ్మానికి కావాలంటే హార్డ్ డిస్కులో రికార్డ్ అయ్యే డబ్బా, అంటే ఎన్‌వీఆర్, పెట్టి, దానికి నెట్ కేబుల్ ఇవ్వకుండా వదిలేస్తా. ఆఫీసు నుంచి ఫోన్లో చూసుకోలేరు, నిజమే, దొంగ ఆ డబ్బా కూడా ఎత్తుకుపోతే రికార్డింగ్ పోతుంది, అదీ నిజమే, అందుకే దాన్ని టీవీ కింద పెట్టకుండా ఎక్కడో లోపల తాళం వేసే అల్మారాలో పెట్టమంటా.

అపోహ: ఆఫ్‌లైన్ అంటే ప్రతిదానికీ లేచి వెళ్ళి స్విచ్ నొక్కుకోవడమే.

ఇది వింటే నాకు నిజంగా ఒళ్ళు మండుతుంది. ఆటోమేటిక్‌కి నెట్‌కి సంబంధమే లేదు. చీకటి పడగానే వెలిగి తెల్లారగానే ఆరిపోయే బయట లైటుకి కావాల్సింది చిన్న ఫోటోసెల్, వెలుతురు పడితే దాని రెసిస్టెన్స్ మారుతుంది, దాంతో రిలే అనే కరెంటుతో కదిలే స్విచ్ పడుతుంది, అయిపోయింది. కాకపోతే ఆ లైటు వెలుగే ఫోటోసెల్ మీద పడేట్టు బిగించారనుకోండి, వెలుగుతుంది, తెల్లారిందనుకుని ఆరిపోతుంది, మళ్ళీ వెలుగుతుంది, రాత్రంతా డిస్కో. ఇది నా మొదటి ఏడాది ఘనకార్యం.

మనిషి రాగానే వెలిగే లైటుకి పీఐఆర్ సెన్సర్. అది మనిషిని చూడదు, కదిలే వేడిని చూస్తుంది. అందుకని కదలకుండా కూర్చుంటే మీరు లేరనుకుని ఆపేస్తుంది, బాత్రూమ్‌లో పెట్టించుకుని చేతులు ఊపుతూ కూర్చునేవాళ్ళ బాధ ఇదే, అక్కడ ఆరిపోయే టైమ్ పది నిమిషాలకి పెంచుకోండి. బాగా ఎండగా ఉన్న రోజు గది వేడి మన ఒంటి వేడికి దగ్గరైతే కూడా సరిగ్గా పట్టదు. ఏసీ గాలి తగిలేచోట, కిటికీకి ఎదురుగా బిగించొద్దు. మైక్రోవేవ్ రకం సెన్సర్ అయితే ఇంకో గొడవ, పలచటి గోడ అవతల తిరిగినా పట్టేస్తుంది, తిరుగుతున్న ఫ్యాన్ని చూసి కూడా మనిషే అనుకుంటుంది.

గుండ్రటి మెకానికల్ టైమర్ చూసే ఉంటారు, చుట్టూ 96 పిన్నులు, ఒక్కో పిన్ను 15 నిమిషాలు, కావాల్సినవి కిందకి నొక్కుకోవడమే. దానికో లోపం ఉంది, చెప్పకుండా దాచను, కరెంటు పోయినంతసేపూ అది కూడా ఆగిపోతుంది, రెండు గంటలు పోతే రెండు గంటలు వెనకబడుతుంది. అలా కాకూడదంటే లోపల చిన్న బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ తీసుకోండి. నీళ్ళ ట్యాంకు నిండగానే మోటర్ ఆగాలంటే ఫ్లోట్ స్విచ్ చాలు, తేలే బుడ్డి ఒకటి పైకి లేస్తుంది, కాంటాక్ట్ విడిపోతుంది, పెద్ద మోటర్ అయితే మధ్యలో ఎక్కువ కరెంటు తట్టుకునే స్విచ్, అంటే కాంటాక్టర్, పెట్టాలి, లేకపోతే ఫ్లోట్ లోపలి కాంటాక్ట్‌లు కాలిపోతాయి.

ఒక హెచ్చరిక. సెన్సర్ స్విచ్ కానీ, ఇండికేటర్ ఉన్న స్విచ్ కానీ న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) లేకుండా బిగిస్తే ఆఫ్ చేశాక కూడా ఎల్ఈడీ బల్బు మసగ్గా వెలగడమో మిణుకుమిణుకుమనడమో చేస్తుంది. దయ్యం కాదు, ఆ స్విచ్ బతకడానికి బల్బు గుండానే కొంచెం కరెంటు లాగుతోందని అర్థం. బోర్డుకి న్యూట్రల్ లాగితే పోతుంది, లేదా ఆ స్విచ్ కంపెనీయే ఇచ్చే బైపాస్ కెపాసిటర్ బల్బు దగ్గర పెట్టించుకోవాలి, ఎలక్ట్రీషియన్‌తోనే.

అపోహ: అప్డేట్లు వస్తూ ఉంటే పరికరం కొత్తగా ఉంటుంది.

నెట్‌కి తగిలించాక అప్డేట్ చెయ్యక తప్పదు, చెయ్యకపోతే పైన చెప్పిన మిరాయ్ లాంటివాటికి తలుపు తెరిచిపెట్టినట్టే. కానీ 2017 ఆగస్టులో లాక్‌స్టేట్ అనే కంపెనీ తప్పు అప్డేట్ పంపితే సుమారు 500 తలుపు తాళాల్లో కోడ్ పనిచెయ్యకుండా పోయింది. తాళానికి నా షరతు ఒక్కటే, మామూలు తాళంచెవి పట్టే రంధ్రం ఉండాలి, ఆ తాళంచెవి ఇంటి లోపల కాకుండా బయట ఇంకెవరి దగ్గరైనా ఉండాలి. లోపలే పెట్టుకున్నవాళ్ళు ఎంతమందో మీరు నమ్మరు.

అపోహ: పెద్దవాళ్ళకి, మంచం మీద ఉన్నవాళ్ళకి స్మార్ట్ తప్ప గతి లేదు.

ఇందులో నిజం ఉంది, లేవలేని మనిషి నోటిమాటతో లైటు వేసుకోగలిగితే అదెంత గొప్ప సంగతో చూసినవాడిని, వెక్కిరించను. అయితే నెట్ లేకుండా పనిచేసే రిమోట్ స్విచ్చులు కూడా ఉన్నాయి, రేడియో రిమోట్, దిండు పక్కన పెట్టుకుని నొక్కితే గోడ అవతల లైటు కూడా వెలుగుతుంది. రెండూ పెట్టించుకోండి, ఒకటి మొరాయిస్తే ఇంకోటి ఉంటుంది.

అపోహ: స్మార్ట్ అంటే అంతా క్లౌడే, ఇంకో దారి లేదు.

ఉంది. జిగ్‌బీ, జడ్-వేవ్ అని వైఫై కాకుండా వేరే రేడియో పద్ధతులున్నాయి, ఆ పరికరాలు ఇంట్లో హబ్బుతోనే మాట్లాడుకుంటాయి, 2022 అక్టోబర్‌లో వచ్చిన మ్యాటర్ అనే ప్రమాణం కూడా ఇంటి లోపలి నెట్‌వర్క్ మీదే నడుస్తుంది, హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ని ఒక చిన్న కంప్యూటర్లో వేసుకుని అన్నీ దాంతో నడిపేవాళ్ళూ ఉన్నారు. కాకపోతే దానికి ఇంట్లో ఓపికున్న మనిషి ఒకరుండాలి, ఆ మనిషి ఊరెళ్తే ఏంటో కూడా ఆలోచించుకోండి. డబ్బా మీద లోకల్ అని రాసినా నమ్మకుండా నేను చేసే పరీక్ష ఏంటంటే, ముందు ఒక్కటి మాత్రమే కొని, బిగించి, రౌటర్‌ని ఆన్‌లోనే ఉంచి దానికొచ్చే నెట్ కేబుల్ మాత్రం పీకేసి, ఒక రోజంతా అలాగే వదిలేస్తా. ఫోన్లో మొబైల్ డేటా కూడా ఆపాలి, లేకపోతే యాప్ ఇంకో దారిన సర్వర్‌కి వెళ్ళి గొప్పలు చెప్తుంది. అప్పుడు కూడా పనిచేస్తే మిగతావి కొనుక్కోండి.

ఇప్పటికే ఇల్లంతా వైఫై స్విచ్చులు పెట్టేసుకున్నవాళ్ళకి ఒక చిట్కా. రౌటర్ మార్చేటప్పుడు కొత్తదానికి కూడా పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే అక్షరం తేడా లేకుండా పెట్టండి, ఇలాంటి స్విచ్చులు ఎక్కువగా వాడే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, చాలామటుకు అన్నీ వాటంతట అవే ఎక్కేస్తాయి. పాస్‌వర్డ్ మరీ తేలికదైతే మాత్రం మార్చక తప్పదు, అప్పుడు ఒక్కో స్విచ్‌నీ రీసెట్ కొట్టుకుంటూ రావాల్సిందే, మొన్న ఒక ఇంట్లో 22 ఉంటే సాయంత్రం మొదలుపెట్టి రాత్రి భోజనాల టైమ్ దాటేసింది, అందులో మూడు అసలు ఎక్కడున్నాయో ఇంటాయనకే గుర్తులేదు.