విండెబీ: సముద్రంలో తొలి పదకొండు గాలిమరలు

డెన్మార్క్ దక్షిణాన లోలండ్ అనే దీవి ఉంది. బల్లపరుపు నేల, చుట్టూ లోతు లేని సముద్రం, ఎప్పుడూ వీచే గాలి. 1991లో ఈ దీవిలోని విండెబీ అనే ఊరి ఎదురుగా, తీరానికి ఒకటిన్నర నుంచి మూడు కిలోమీటర్ల దూరంలో, ఎల్‌క్రాఫ్ట్ అనే విద్యుత్ సంస్థ పదకొండు గాలిమరలు నిలబెట్టింది. సముద్రంలో కట్టిన మొట్టమొదటి పవన విద్యుత్ కేంద్రం ఇదే. అంతకు ఏడాది ముందు స్వీడన్ వాళ్లు నోగర్సుండ్ దగ్గర నీళ్లలో ఒక గాలిమరను నిలిపారు కానీ, ఒక్క చెట్టుని తోట అనలేం.

నేల మీద చోటుండగా నీళ్లలోకి ఎందుకు దిగారు? డెన్మార్క్ చిన్న దేశం. 1985లో అక్కడి పార్లమెంటు అణు విద్యుత్తు వద్దని తేల్చేసింది. దాంతో గాలి మీద ఆశ పెరిగింది. ఊళ్ల మధ్య పొలాల్లో ఎన్ని గాలిమరలని పెడతారు? పైగా సముద్రం మీద గాలికి చెట్లూ ఇళ్లూ అడ్డు రావు కాబట్టి వేగం ఎక్కువ. ఆ కాస్త వేగమే లెక్క మార్చేస్తుంది. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు అవుతుంది. సెకనుకు 7 మీటర్ల గాలి 8 మీటర్లకు పెరిగిందంటే శక్తి దాదాపు సగం మేర పెరిగినట్టే.

ఒక్కో మర సామర్థ్యం 450 కిలోవాట్లు, రెక్కల చుట్టు వ్యాసం 35 మీటర్లు. బోనస్ అనే డానిష్ కంపెనీ నేల మీద వాడకానికి తయారు చేస్తున్న రకాన్నే కొద్దిగా మార్చి ఇచ్చింది. నీటి లోతు రెండు నుంచి నాలుగు మీటర్లే కాబట్టి పునాదికి పెద్ద చిక్కు రాలేదు. భారీ కాంక్రీటు దిమ్మెలను ముందే పోతపోసి, తీసుకెళ్లి సముద్రపు అడుగున కూర్చోబెట్టారు. ఆ బరువే టవర్‌ను కదలకుండా పట్టి ఉంచుతుంది.

అసలు టెన్షన్ ఉప్పుతో. విశాఖలో బీచ్ పక్కన ఉండేవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. కిటికీ గ్రిల్స్‌కి ఏటా రంగు వేసినా తుప్పు ఆగదు. అలాంటి గాలి గేర్‌బాక్స్, జనరేటర్, వైరింగ్ ఉన్న చోటికి పగలూ రాత్రీ చేరితే ఏమవుతుంది? అందుకే విండెబీలో టవర్‌నీ, పైన యంత్రాలుండే పెట్టెనీ గాలి చొరబడకుండా మూసేశారు. లోపల తేమను లాగేసే యంత్రాలు పెట్టారు. అయితే యంత్రాలు వేడెక్కుతాయి, వాటిని చల్లబరచాలి. బయటి గాలిని నేరుగా ఊదితే ఉప్పు కూడా లోపలికొస్తుంది. దానికి హీట్ ఎక్స్‌ఛేంజర్ వాడారు. అందులో లోపలి గాలి వేరు, బయటి గాలి వేరు. రెండూ కలవవు, మధ్యనున్న గోడ గుండా వేడి మాత్రం బయటికి పోతుంది.

రెండో మార్పు నాకు ఇంకా నచ్చింది. గాలిమర లోపలే ఒక విద్యుత్ క్రేన్ బిగించారు. నేల మీదైతే పెద్ద భాగం పాడైనా లారీ మీద క్రేన్ తెప్పించుకోవచ్చు. సముద్రంలో తేలే క్రేన్ తెప్పించాలంటే ఖర్చు చాలా ఎక్కువ, పైగా అల తగ్గేదాకా ఆగాలి. మనిషి పడవలోంచి నిచ్చెన మీదికి అడుగు వేయడానికే సముద్రం ఒప్పుకోవాలి. అలాంటి చోట బరువైన భాగాన్ని మర తనంతట తానే కిందికి దించగలిగితే ఎన్ని రోజులు కలిసొస్తాయో ఊహించండి. ఎప్పటికైనా పాడవుతుందని ముందే అనుకుని కట్టిన యంత్రమిది.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో తర్వాత తెలిసొచ్చింది. 2002లో డెన్మార్క్ పశ్చిమ తీరాన హార్న్స్ రెవ్ దగ్గర 80 గాలిమరలతో 160 మెగావాట్ల కేంద్రం కట్టారు. ట్రాన్స్‌ఫార్మర్లలో, జనరేటర్లలో లోపాలు బయటపడి, 2004లో మొత్తం 80 మరల యంత్రాల పెట్టెలనూ విప్పి ఒడ్డుకు తెచ్చి, బాగుచేసి మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది.

విండెబీ శాస్త్రవేత్తలకు కూడా ప్రయోగశాల అయింది. మరలను రెండు వరసలుగా పెట్టి, పక్కనే కొలతలు తీసే స్తంభాలు నిలిపారు. కాలవ మీద ఎగువ రైతు నీళ్లు తోడుకుంటే ఆయకట్టు చివరి పొలానికి తక్కువ పారుతుంది. గాలి కూడా అంతే. ముందు మర తీసుకున్నాక వెనక మరకు నీరసించిన గాలి అందుతుంది. నేల మీద చెట్లూ గట్లూ గాలిని కలియబెట్టి ఆ లోటును త్వరగా పూడ్చేస్తాయి. నున్నని సముద్రం మీద ఆ కలియబెట్టడం తక్కువ కాబట్టి, నీరసించిన గాలి చాలా దూరం అలాగే సాగుతుంది. ఇప్పుడు వందల మరలను ఎంతెంత ఎడంగా పెట్టాలో తేల్చే లెక్కల్లో ఇక్కడి కొలతలకూ వాటా ఉంది.

పాతికేళ్లలో విండెబీ ఇచ్చిన కరెంటు 24 కోట్ల 30 లక్షల యూనిట్లు. పూర్తి సామర్థ్యంతో క్షణం ఆగకుండా తిరిగితే వచ్చేదానిలో ఇది ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ. ఆపేసే నాటికి వచ్చిన పెద్ద గాలిమరలు ఏడింటిని తీసుకుంటే, ఇదంతా ఒక్క ఏడాదిలో ఇచ్చేస్తాయి. 450 కిలోవాట్ల మర ఆ కాలానికి 8 మెగావాట్ల మర అయింది. అంత దూరం నడవడానికి మొదటి అడుగు ఈ లోతు లేని నీళ్లలోనే పడింది.

2017లో క్రేన్ ఉన్న ఓడ వచ్చి రెక్కలు, యంత్రాల పెట్టె, టవర్, అన్నిటినీ ఒక్కొక్కటిగా దించింది. కాంక్రీటు పునాదులను ఉన్నచోటే పగలగొట్టి తీసుకెళ్లారు. కొన్ని రెక్కలు పరిశోధనకు వెళ్లాయి. ఒక గాలిమర మాత్రం బ్యేరింగ్‌బ్రోలోని డెన్మార్క్ ఇంధన మ్యూజియానికి చేరింది.