లివర్‌పూల్ కోర్టు ఇళ్లకు నీళ్లు, గాలి వచ్చిన తీరు

1842లో ఎడ్విన్ చాడ్విక్ బ్రిటన్ కార్మికుల బతుకుల మీద ఇచ్చిన నివేదికలో ఇంగ్లండ్ రేవు పట్టణం లివర్‌పూల్ అంకెలు చదివితే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. చనిపోయినవాళ్ల సగటు వయసు కలిగినవాళ్లలో 35, కూలీ కుటుంబాల్లో 15. కూలీలంతా పదిహేనేళ్లకే పోయారని కాదు, చంటిపిల్లలు అంతగా పోబట్టి సగటు అక్కడికి దిగింది.

ఆ పిల్లలు పుట్టిన ఇళ్లను అక్కడ ‘కోర్టులు’ అనేవాళ్లు. వీధిలోంచి ఒక సన్నటి దారి లోపలికి పోతుంది, దానికి రెండు పక్కలా ఎదురెదురుగా మూడంతస్తుల ఇళ్లు, అంతస్తుకి ఒక్కటే చిన్న గది, వెనక గోడ ఇంకో ఇంటి గోడకి ఆనుకుని ఉంటుంది కాబట్టి అటు కిటికీ పెట్టే వీలే లేదు, వచ్చిన గాలి బయటికి పోయే దారీ లేదు. అందరికీ కలిపి ఒక కుళాయి, ఒకటో రెండో పాయఖానాలు. వాటి గొయ్యి నిండితే ఆ మురుగు పక్కనున్న నేలమాళిగల్లోకి ఊరేది. అందులోనూ మనుషులు అద్దెకుండేవాళ్లు!

1847లో విలియం డంకన్ నగర ఆరోగ్యాధికారి అయ్యారు. బ్రిటన్‌లో ఆ పదవిలోకి వచ్చిన మొదటి డాక్టర్ ఆయనే. క్రిముల సంగతి అప్పటికి ఎవరికీ సరిగా తెలియదు, కుళ్లు కంపుతో చెడిన గాలే రోగం తెస్తుందని ఆయన నమ్మారు. నమ్మకం తప్పే, కానీ కంపు కొట్టే చోటే కలరా, టైఫాయిడ్ క్రిములు కూడా ఉంటాయి కాబట్టి ఇంజినీరు జేమ్స్ న్యూలాండ్స్ వేయించిన భూగర్భ మురుగు కాలువలు నిజంగానే పనికొచ్చాయి.

నేలమాళిగల విషయంలో మాత్రం కథ అడ్డం తిరిగింది. వాటిని ఖాళీ చేయించే అధికారం చట్టం ఇచ్చింది, వేరే ఇల్లు చూపించలేదు. అదే ఏడాది ఐర్లండ్ కరువు తట్టుకోలేక దాదాపు 3 లక్షల మంది ఆ రేవులో దిగారు. నేలమాళిగలు ఖాళీ చేసినవాళ్లు వెళ్లి పై గదుల్లోనే ఇరుక్కున్నారు. టైఫస్ జ్వరం (మన టైఫాయిడ్ వేరు, ఇది వేరు) ఒంటి పేల వల్ల అంటుతుంది, ఒకే పరుపు మీద నలుగురు పడుకుంటే దానికి అంతకంటే ఏం కావాలి? ఇల్లు కట్టకుండా ఇల్లు మూయించడం పారిశుధ్యం కాదని నేను గట్టిగా అంటాను.

నాకు బాగా నచ్చిన మార్పు చాలా చిన్నది. మామూలు ఫ్లష్ మరుగుదొడ్లు పదిమంది వాడే చోట తరచూ పూడిపోయేవి. అందుకని వరసగా ఉన్న దొడ్లన్నిటి కిందా ఒకటే పొడవాటి నీళ్ల తొట్టి పెట్టి, దాన్ని కడిగే పని కార్పొరేషన్ మనిషికే అప్పగించారు. శుభ్రం బాధ్యత అద్దెకున్నవాళ్ల నెత్తిన వదిలేయలేదు.

1869లో కార్పొరేషనే సెయింట్ మార్టిన్స్ కాటేజెస్ అనే అద్దె ఇళ్లు కట్టింది, మెట్ల మలుపుల దగ్గర ఫ్లష్ దొడ్లతో. అద్దె మాత్రం అట్టడుగు కూలీకి అందలేదు. కూల్చిన ఇళ్లలో ఉన్నవాళ్లకే కొత్తవి ఇవ్వాలన్న నియమం రావడానికి 1890ల చివరి దాకా పట్టింది.