అమ్మమ్మ గేటు దగ్గర ఆగుతుంది

చిన్నీ, బాబూ,

వేసవి సెలవులకి వచ్చినప్పుడు అమ్మమ్మ మిమ్మల్ని చూసి "ఈ పిల్లలెవరండీ?" అని నన్నడిగింది. చిన్నీ ముఖం చిన్నబుచ్చుకుని లోపలికి వెళ్ళిపోయింది. అప్పుడే చెప్పాల్సింది. నోరు పెగల్లేదు.

కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని ఇల్లంతా వెతకడం నాకూ ఉంది, అది వయసు. పప్పులో ఉప్పు మర్చిపోవడమూ అంతే. కానీ యాభై ఏళ్ళు పప్పు వండిన మనిషి కుక్కర్ ముందు నిలబడి, తర్వాత ఏం చెయ్యాలో తోచక ఏడ్చిందే, అది జబ్బు. నాకది అర్థమవడానికి ఏడాది పట్టింది. అప్పటిదాకా నాటకాలనుకున్నాను.

డాక్టరుగారు కాగితమిచ్చి గడియారం గీయమన్నారు, ముళ్ళు పదకొండూ పది చూపించాలి. పాలవాడి లెక్క దగ్గర్నుంచి చీటీ పాట దాకా నోటితోనే కూడిన మనిషి, అంకెలన్నీ కుడివైపే ఇరికించి, "మీరు వెయ్యండి" అంటూ పెన్ను నా చేతిలో పెట్టింది. ఆ కాగితం నా డైరీలో ఉంది.

దీన్ని డిమెన్షియా అంటారు. జ్వరం లాంటి మాట ఇది, వెనక కారణాలు వేరువేరు. ఎక్కువమందిలో కారణం అల్జీమర్స్. 1906లో అల్జీమర్ అనే జర్మన్ డాక్టరు, చనిపోయిన ఒకావిడ మెదడుని పరీక్షించి చెప్పాడు: కణాల మధ్య ఏదో పేరుకుపోయింది, కణాల లోపల సన్నటి దారాలు చిక్కుపడిపోయాయి అని. ఆవిడకి జబ్బు యాభై దాటీ దాటకుండానే ముదిరింది! బీపీ, షుగర్ ముదిరి మెదడుకి రక్తం సరిగ్గా అందక వచ్చేది ఇంకో రకం. బీ12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా మతిమరుపు వస్తుంది, అది మందులతో చాలావరకు సర్దుకుంటుంది. అందుకే ముందు రక్తపరీక్షలు చేయించారు. అమ్మమ్మది అల్జీమర్స్. నయం చేసే మందు ఇంకా లేదు, ఇప్పుడు వేసుకునేవి కొంతకాలం తెరిపినిస్తాయి, అంతే.

కొత్త సంగతుల్ని మెదడులో భద్రం చేసే చోటు ముందుగా దెబ్బతింటుంది. అందుకే పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు, పాతవి మాత్రం చాలాకాలం నిలుస్తాయి. మన సత్యనారాయణపురంలో ఒకప్పుడు రైలు పట్టాలుండేవి. అవి పీకేసి, సిటీ బస్సులు వేగంగా వెళ్ళడానికని బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు. సాయంత్రం అటు నడుస్తుంటే అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపేస్తుంది. "గేటు పడిందండీ."

మొదట్లో "పట్టాలెక్కడున్నాయే?" అని నలుగురిలో కసిరాను. ఇంటికొచ్చేసరికి తిట్టిన సంగతి మర్చిపోయింది. బెదురు మాత్రం పోలేదు, ఆ రాత్రి అన్నం ముట్టలేదు. సంగతి చెరిగిపోయినా దాని తాలూకు బాధ లోపల ఉండిపోతుందిరా. ఇప్పుడు నేనూ ఆగుతున్నాను. రెండు నిమిషాలయ్యాక "వెళ్ళిపోయింది, పద" అంటే దాటుతుంది.

"నేనెవరో చెప్పుకో" అని అడక్కండి, పరీక్ష పెట్టినట్టుంటుంది. "అమ్మమ్మా, నేను చిన్నీని" అని మీరే చెప్పండి, పదిసార్లైనా సరే. గాజులు పనిమనిషి తీసిందంటే నవ్వకండి, కలిసి వెతకండి. పోయినసారి బియ్యం డబ్బాలో దొరికాయి.

దసరాకి వస్తారుగా. ఆ రోడ్డు దగ్గర ఆపితే ఆగండి. బాబూ, నువ్వు పెట్టెలు లెక్కపెడుతూ ఉండు. గూడ్సు బండైతే మాత్రం అమ్మమ్మకి విసుగు, తొందరగా పంపించేయ్.

మీ తాతయ్య
విజయవాడ