కంచం మీది తెల్ల పొర ఏమిటో ముందు తేల్చుకోవాలి

హాస్టల్ మెస్సులోనో ఆస్పత్రి క్యాంటీన్‌లోనో డిష్‌వాషర్ నుంచి కంచాలు మసకగా బయటికి రాగానే చాలామంది ముందు చేసే పని కెమికల్ పెంచడం. అది రోగం తెలియకుండా మందు వేయడమే. చూడ్డానికి ఒకేలా ఉండే తెల్ల పొర సున్నం కావచ్చు, గంజి కావచ్చు, సరిగా కడుక్కుపోని కెమికలే కావచ్చు. ఏది ఏమిటో తేల్చడానికి ల్యాబ్ అక్కర్లేదు.

ఆరిన కంచం మీద చుక్క వెనిగర్ వేసి రుద్దితే పొర కరిగిపోయిందా, అది సున్నమే. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడి తగలగానే విడిపోయి కాల్షియం కార్బొనేట్‌గా పేరుకుంటుంది. తాగే నీటికి భారత ప్రమాణం ప్రకారం కాఠిన్యం (నీళ్లలో కరిగి ఉన్న సున్నం లెక్క) లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. ఈ యంత్రానికి ఆ 200 కూడా ఎక్కువే. సున్నం కంచాలతో ఆగదు. హీటర్‌కి పట్టి నీళ్లు ఆలస్యంగా వేడెక్కేలా చేస్తుంది, నీళ్లు చిమ్మే నాజిల్ రంధ్రాలు పూడ్చేస్తుంది. నీటి కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ ఉన్నా ఇదే కథ నడుస్తుంటే, అందులో ఉప్పు ఉందో లేదో చూడండి. లోపల కాల్షియాన్ని పట్టుకుని సోడియం వదిలే రెజిన్ అనే గుళికలకి తిరిగి శక్తినిచ్చేది ఆ ఉప్పే.

వెనిగర్‌కి కదలకపోతే గంజిని అనుమానించాలి. మూడు పూటలా అన్నం, ఇడ్లీ వడ్డించే మన వంటశాలల్లో అసలు దొంగ ఇదేనని నా నమ్మకం. కంటికి కనబడనంత పలచగా అంటుకుని, కడిగిన ప్రతిసారీ ఒక పొర మీద ఇంకో పొరగా పెరుగుతుంది. మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్‌ని నీళ్లలో పలచన చేసి ఒక చుక్క వేస్తే, గంజి ఉన్నచోట నల్లటి నీలిరంగు తేలుతుంది (చూశాక కంచం వెంటనే కడిగేయాలి). దీనికి విరుగుడు యంత్రంలో లేదు, ఎంగిలి కంచాలు వేసే చోట ఉంది. మెతుకులు ఎండకముందే గీకేసి, గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టాలి. మరిగే నీళ్లు పోయకూడదు. పాలు, గుడ్డు వంటి వాటి ప్రోటీన్లు వేడికి గడ్డకట్టి మరింత అతుక్కుంటాయి.

మూడో అనుమానం కెమికల్. కంచం మీద కొన్ని చుక్కల ఆర్‌ఓ నీళ్లు చల్లి చిటికెడు పసుపు కలపండి. ఎర్రబారితే క్షారం మిగిలి ఉన్నట్టే. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా మారేదీ ఇదే రసాయన మార్పుతో. ఆ కంచంలోనే మనవాళ్లు అన్నం తింటారు, ఆ క్షారంతోనే పనివాళ్ల చేతులు పగులుతాయి. కాబట్టి డోసు పెంచేముందు కెమికల్‌ని కడిగేసే చివరి నీటి జల్లు సరిగా పడుతోందో లేదో చూడటం మన బాధ్యత.

ఈ మూడింటికీ లొంగని మసక గాజు గ్లాసుల మీద ఉంటే గాజే కొరుక్కుపోయి ఉంటుంది. దాన్ని ఏదీ పోగొట్టలేదు.

1959లో జర్మన్ రసాయన ఇంజినీర్ హెర్బర్ట్ జిన్నర్, శుభ్రతంతా నాలుగింటి మీద నిలుస్తుందని చెప్పాడు: వేడి, తాకిడి, రసాయనం, సమయం. ఒకటి తగ్గితే మిగతావి ఆ లోటు పూడ్చాలి. హోటల్ యంత్రం ఒకటి రెండు నిమిషాల్లో పని ముగిస్తుంది గనుక సమయం ముందే తగ్గిపోయింది, మిగతా మూడింటిలో ఏదీ తగ్గడానికి వీల్లేదు.

వేడితో క్రిములను చంపే యంత్రాల్లో కడిగే నీళ్లు సుమారు 60 డిగ్రీలు, చివరి జల్లు 82 డిగ్రీలకు పైన ఉండాలి. తెర మీద అంకె చూసి నమ్మకండి, అది నీటి వేడి. కంచం 71 డిగ్రీలకు చేరిందా అన్నదే లెక్క. వేడికి రంగు మారే స్టిక్కర్ ఒకటి కంచానికి అంటించి లోపలికి పంపితే తేలిపోతుంది.

తాకిడి నాజిళ్ల సంగతి. 1886లో అమెరికాలో జోసెఫిన్ కోక్రేన్ పేటెంట్ పొందిన యంత్రం కూడా బ్రష్షులతో కాక నీటి ఒత్తిడితోనే కడిగేది. ఒక కరివేపాకు రెబ్బ, రెండు నిమ్మగింజలు చాలు ఆ ఒత్తిడిని చంపడానికి. చేత్తో గిన్నెలు తోమే లిక్విడ్ పోసినా అంతే. నురుగు లేచి, పంపు నీళ్లతోపాటు గాలిని పీలుస్తుంది. పైగా ట్యాంకులో నీళ్లే మళ్లీ మళ్లీ తిరుగుతాయి, చివరి జల్లు ఒక్కటే కొత్త నీళ్లు. భోజనాల రద్దీ మధ్యలో ట్యాంకు ఖాళీ చేసి నింపడం చాలాచోట్ల మానేస్తున్నారు. కంచం మీద కంచం ఆనించి పేర్చినా నీళ్లు మధ్యలోకి చేరవు.

కారణం దొరికాక పాత పొరను వదిలించాలి. గంజికి గాఢమైన క్షార ద్రావణంలో నానబెట్టడం, సున్నానికి ఆమ్లం. కొన్ని యంత్రాలు వేడికి బదులు క్లోరిన్‌తో క్రిములను చంపుతాయి. అలాంటిదైతే ఆమ్లం పోసేముందు క్లోరిన్ పైపు తీసేసి, ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి కడగాలి. రెండూ కలిస్తే వెలువడేది విషవాయువు.