మీ ముప్ఫై నిజంగా ముప్ఫైయేనా?

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ ఉత్తరాలు రెండూ ఒకే వారంలో అందాయి. ఒకరిది వృక్షశాస్త్రం, ఇంకొకరిది ఆర్థికశాస్త్రం. అయినా ఇద్దరూ అడిగింది ఒక్కటే. "డిగ్రీ చదివేవాళ్లం, మేం కొత్తగా కనిపెట్టేది ఏముంటుంది తాతయ్యా? ప్రాజెక్టంటే నాలుగు పుస్తకాల్లోంచి పేజీలు నింపి బైండింగ్ చేయించి ఇచ్చేయడమేగా?" సీనియర్లు అలాగే చెప్పారని కూడా రాశారు. అది చదివాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే ఈసారి ఉత్తరం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక తేడా చెబుతాను. ఇన్నాళ్లూ మీరు ల్యాబ్‌లో చేసిన ప్రాక్టికల్స్‌కి జవాబు ముందే ఉంది. టైట్రేషన్ చేస్తే ఎంత రావాలో మీ లెక్చరర్‌కి తెలుసు. మీ అంకె దానికి దగ్గరగా రాకపోతే తప్పు మీదే, అనుమానం లేదు. పరిశోధనలో ఆ వెసులుబాటు లేదు. జవాబు మీకూ తెలియదు, మీ గైడుకూ తెలియదు. వచ్చిన అంకె పొరపాటా, కొత్త సంగతా అన్నది మీరే తేల్చుకోవాలి. చిన్నప్పటి నుంచీ పుస్తకం చివరి పేజీల్లో జవాబులు చూసుకోవడం అలవాటైన వాళ్లకి ఇది చాలా టెన్షన్‌గా ఉంటుంది. ఉండనివ్వండి. ఆ టెన్షన్ మొదలైందంటే మీరు ప్రాక్టికల్ దాటి పరిశోధనలోకి వచ్చారన్నమాట.

ఇక డిగ్రీ పిల్లల వల్ల ఏమవుతుందన్న మాటకొద్దాం.

1911లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో థామస్ హంట్ మోర్గాన్ అనే ప్రొఫెసర్ పాలసీసాల్లో పండు ఈగలను పెంచి, వాటి లక్షణాలు తరతరానికీ ఎలా వస్తున్నాయో లెక్కపెట్టిస్తుండేవాడు. ఆ ల్యాబ్‌లో ఇద్దరు డిగ్రీ కుర్రాళ్లుండేవారు. ఒకడు కాల్విన్ బ్రిడ్జెస్. సీసాలు కడగడానికి పెట్టుకున్నారతన్ని. ఆ సీసా గాజులోంచే మామూలు కన్నా మెరిసే ఎరుపు కళ్లున్న ఈగను పోల్చుకున్నాడు. రెండోవాడు ఆల్ఫ్రెడ్ స్టర్టెవాంట్. ఇంట్లో నాన్నగారి గుర్రాల వంశావళి చూసి, వాటి రంగులు పిల్లలకు ఎలా వస్తున్నాయో రాసి మోర్గాన్‌కి చూపించాడు. ఆయన అచ్చు వేయించమన్నాడు. అలా పరిచయమైంది.

ఈగల్లో ఒక చిక్కుండేది. క్రోమోజోము అంటే కణంలో జన్యువులను మోసే దారంలాంటి పోగు. ఒకే క్రోమోజోము మీదున్న లక్షణాలు సాధారణంగా కలిసే పిల్లలకు వెళ్తాయి. కానీ అప్పుడప్పుడూ విడిపోతున్నాయి. కొన్ని జతలు తరచుగా, కొన్ని చాలా అరుదుగా. ఎందుకు? ఒక పొడుగాటి దారం తీసుకుని అక్కడక్కడా ముడులు వేయండి. దారం క్రోమోజోము, ముడులు లక్షణాలు అనుకోండి. కళ్లు మూసుకుని ఎక్కడో ఒకచోట కత్తిరించండి. పక్కపక్కనే ఉన్న రెండు ముడుల మధ్య కత్తెర పడే అవకాశం తక్కువ, దూరంగా ఉన్న ముడుల మధ్య పడే అవకాశం ఎక్కువ. అంటే ఎంత తరచుగా విడిపోతున్నాయో లెక్కపెడితే, ఎంత దూరంలో ఉన్నాయో తెలిసిపోతుంది!

మోర్గాన్‌తో మాట్లాడుతుండగా స్టర్టెవాంట్‌కి ఇది తట్టింది. ల్యాబ్‌లో ఉన్న లెక్కల కాగితాలు ఇంటికి పట్టుకెళ్లాడు. ఆ రాత్రి క్లాసు హోంవర్క్ పక్కన పడేసి దాంతోనే కూర్చున్నాడు. తెల్లారేసరికి జన్యువులు క్రోమోజోము మీద ఏ వరసలో, ఎంతెంత ఎడంలో ఉన్నాయో గీసేశాడు. ప్రపంచంలో మొదటి జన్యు పటం అది. ఆరు లక్షణాలతో 1913లో అచ్చయింది. 1911లో అతనికి పంతొమ్మిదో ఇరవయ్యో ఏళ్లు, అంతే.

ఈ కథలో నాకు బాగా నచ్చేది తెలివి ఒక్కటే కాదు. ఆ రాత్రి అతను కొత్త ప్రయోగమేదీ చేయలేదు. అంకెలు అప్పటికే ల్యాబ్‌లో ఉన్నాయి, అందరూ చూస్తున్నవే. వాటిని అతను వేరే ప్రశ్న అడిగాడు.

అందుకే మీ ఇద్దరికీ చెప్పేది: పరికరాల గురించి కాదు, ప్రశ్న గురించి దిగులు పడండి. మొదటిసారి అందరూ కొండంత ప్రశ్న ఎత్తుకుంటారు. "సోషల్ మీడియా యువతను ఎలా ప్రభావితం చేస్తోంది?" దీనికి నాలుగు నెలల్లో జవాబు చెప్పడం ఎవరి తరమూ కాదు. దాన్ని కోస్తూ పోవాలి. యువత అంటే ఎవరు? మొదటి సంవత్సరం విద్యార్థులు. ప్రభావం అంటే ఏది? నిద్ర. ఎలా కొలుస్తారు? రోజూ పొద్దున్నే ఎన్నింటికి పడుకున్నారో, ఎన్నింటికి లేచారో వాళ్లే రాస్తారు. ఎప్పుడు? మామూలు వారం ఒకటి, పరీక్షల వారం ఒకటి. ఇప్పుడు ప్రశ్న మీ చేతిలో పట్టింది. చిన్నదైపోయిందని సిగ్గుపడకండి. చివరిదాకా మోయగలిగిన ప్రశ్నే మంచి ప్రశ్న.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి.

నా మొదటి ప్రాజెక్టు ఆకుల మీద. ఎండలో పెరిగిన ఆకుకీ, నీడలో పెరిగిన ఆకుకీ అడుగువైపు పత్రరంధ్రాల (ఆకు గాలి పీల్చే సన్నని రంధ్రాల) సంఖ్యలో తేడా ఉంటుందా అని. పద్ధతి తేలికే. ఆకు అడుగున రంగులేని నెయిల్ పాలిష్ పల్చగా పూసి ఆరనివ్వాలి. దానిమీద పారదర్శకమైన టేపు అంటించి మెల్లగా లాగితే ఆకు చర్మం అచ్చు వచ్చేస్తుంది. దాన్ని స్లైడు మీద పెట్టి మైక్రోస్కోపులో చూస్తే, రెండు చిక్కుడు గింజలు ఎదురెదురుగా పెట్టినట్టు రక్షక కణాలు, మధ్యలో సన్నని చీలిక. ఒక్కో చీలికనూ లెక్కపెట్టుకుంటూ పోవాలి. లెక్కపెట్టే గడి అంచు మీద సగం కనబడేవాటిని ఏం చేయాలన్నది కూడా ముందే నిర్ణయించుకోవాలి. పై అంచు, ఎడమ అంచు తాకినవి లెక్కలోకి, కింది అంచు, కుడి అంచు తాకినవి బయటికి. లేకపోతే మనకు కావలసిన వైపు అంకె జరిగిపోతుంది, మనకే తెలియకుండా.

ఎండలో పదిహేను ఆకులు, నీడలో పదిహేను. మొత్తం ముప్ఫై. మెడ పట్టేసేదాకా లెక్కపెట్టాను. తేడా స్పష్టంగా కనబడింది. గ్రాఫు గీసుకుని గర్వంగా గైడు దగ్గరికి వెళ్లాను. ఆయన గ్రాఫు చూడలేదు. "ఎన్ని మొక్కలు?" అనడిగారు. రెండు, అన్నాను. ఎండలో ఒకటి, నీడలో ఒకటి. "మరి నీ ముప్ఫై నిజంగా ముప్ఫైయేనా?" అన్నారు.

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఒకే మొక్క ఆకులు పదిహేనూ అన్నదమ్ముల్లాంటివి. వాటికి ఒకే వేరు, ఒకే మట్టి, ఒకే వయసు. ఆ రెండు మొక్కల మధ్య తేడా ఎండ వల్లే వచ్చిందో, ఒకదాని కింద మట్టి బాగుండడం వల్ల వచ్చిందో నా లెక్కతో చెప్పలేం. నేను కొలిచింది ముప్ఫై కాదు, ఒకటీ ఒకటీ. నెల రోజుల పని మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి ఎండలో పది మొక్కలు, నీడలో పది మొక్కలు వెతుక్కున్నాను. ఏ ఆకు కోయాలో చీటీలు వేసుకుని తేల్చుకున్నాను. తేడా మళ్లీ కనిపించింది, కానీ మొదట గీసిన గ్రాఫులో ఉన్నంత లేదు. ఆ చిన్న తేడానే నేను నమ్మగలిగాను.

ఈ పొరపాటు విద్యార్థులే చేస్తారనుకోకండి. 1984లో స్టువర్ట్ హర్ల్‌బర్ట్ అనే శాస్త్రవేత్త దీనికి సూడోరెప్లికేషన్ అని పేరు పెట్టి, పత్రికల్లో అచ్చైన ప్రయోగాల్లోనే ఇది ఎంతగా ఉందో చూపించాడు.

అమ్మాయ్, ఇది వృక్షశాస్త్రం గోల, ఆర్థికశాస్త్రానికి దీంతో పనేంటి అనుకోకు. నీ సర్వేకి నీ స్నేహితులతో, వాళ్ల స్నేహితులతో ఫారాలు నింపించావనుకో, అవి కూడా ఒకే మొక్క ఆకులే. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక ఓటు ఎవరికో చెప్పమని దాదాపు కోటి మందికి కార్డులు పంపింది. సుమారు 24 లక్షల జవాబులొచ్చాయి. అంత పెద్ద లెక్క చూసుకుని, రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని రాసింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఆ పత్రిక చిరునామాలు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోను డైరెక్టరీల నుంచి, కారు ఉన్నవాళ్ల జాబితాల నుంచి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లెవరో ఆలోచించు. పైగా కార్డు నింపి తిరిగి పంపే ఓపిక ఉన్నవాళ్లు వేరే రకం మనుషులు. సర్వేలు చేసే జార్జ్ గ్యాలప్ అనే ఆయన సుమారు 50 వేల మందినే అడిగి, ఎవరు గెలుస్తారో సరిగ్గా చెప్పాడు.

ఎవరిని అడగాలో నిజంగా లాటరీ తీసినట్టు ఎంచుకుంటే, 100 మందితో మీ శాతం అటూ ఇటూ ఓ 10 పాయింట్లు ఊగుతుంది. 400 మందితో 5, వెయ్యి మందితో సుమారు 3. పొరపాటు సగం తగ్గాలంటే మనుషులు నాలుగింతలు కావాలి. కానీ ఎంపికే వంకరగా ఉంటే ఎన్ని లక్షలైనా ఆ వంకర పోదు.

మనుషులను అడిగేటప్పుడు ఇంకొకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా సుమారు 600 మంది నల్లజాతి పురుషుల మీద ఒక అధ్యయనం నడిచింది. వాళ్లలో 399 మందికి సిఫిలిస్ ఉంది. ఆ సంగతి వాళ్లకు చెప్పలేదు. పెన్సిలిన్‌తో నయమవుతుందని తెలిశాక కూడా ఇవ్వలేదు. జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. ఈ దారుణం బయటపడ్డాకే, మనుషుల మీద పరిశోధన ఎలా చేయాలో చెప్పే బెల్మాంట్ నివేదిక 1979లో వచ్చింది. మీ కాలేజీలో ఎథిక్స్ కమిటీ ఫారం నింపమన్నప్పుడు విసుక్కోకండి. ఆ కాగితం వెనక ఆ మనుషులున్నారు. ఎందుకు అడుగుతున్నారో చెప్పండి. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయొచ్చని చెప్పండి. పేర్లు ఒకచోట, జవాబులు ఇంకోచోట దాచండి. అనుమతికి వారాలు పట్టొచ్చు కాబట్టి ఆ ఫారం ముందే పెట్టుకోండి.

సొంత ప్రశ్న దొరకనివాళ్లు ఇంకొకరి పనిని మళ్లీ చేసి చూడొచ్చు. దీన్ని చాలామంది తక్కువగా చూస్తారు, నేను చూడను. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు, దేశం అప్పు స్థూల దేశీయోత్పత్తిలో 90 శాతం దాటితే వృద్ధి బాగా పడిపోతుందని రాశారు. ఎన్నో దేశాల్లో రాజకీయ నాయకులు ఆ పేపర్ పట్టుకుని మాట్లాడారు. మసాచుసెట్స్ యూనివర్సిటీలో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థికి క్లాసులో ఒక పని ఇచ్చారు, ఏదైనా పేపర్ తీసుకుని అందులోని లెక్కలు మళ్లీ రాబట్టమని. అతను డిగ్రీ విద్యార్థి కాదు, పీహెచ్‌డీ విద్యార్థి, కానీ అది హోంవర్కే. ఎంత చేసినా ఆ అంకెలు రాలేదు. తప్పు తనదేననుకుని, చివరికి ఆ రచయితలనే అడిగితే వాళ్లు తమ ఎక్సెల్ షీటు పంపారు. తెరిచి చూస్తే, సగటు కట్టేచోట 20 దేశాలకు బదులు 15 దేశాల వరసలే ఎంచి ఉన్నాయి. ఇంకా కొన్ని సంవత్సరాల డేటా వదిలేశారు, సగటులో ఏ దేశానికి ఎంత ప్రాధాన్యం ఇచ్చారన్న తీరు మీద కూడా అభ్యంతరాలున్నాయి. అన్నీ సరిచేస్తే, ఆ అప్పుల దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం కాదు, 2.2 శాతమని 2013లో హెర్న్‌డన్, అతని ప్రొఫెసర్లు చూపించారు. రచయితలు ఎక్సెల్ పొరపాటు ఒప్పుకున్నారు, మిగతా వాదన మీద మాత్రం నిలబడ్డారు. అడగ్గానే షీటు పంపడం కూడా నాకు గౌరవంగా కనిపించే పనే.

నోటుబుక్కు గురించి రెండు ముక్కలు. పెన్నుతో రాయండి, తేదీ వేయండి. తప్పు రాస్తే ఒక గీతతో కొట్టేయండి, కింది అంకె కనబడాలి. రబ్బరు మాత్రం వాడొద్దు. వింతగా వచ్చిన రీడింగును ఎందుకు వదిలేశారో పక్కనే రాయండి. ఆఖర్న ఏ తేడా కనబడకపోతే "తేడా కనబడలేదు" అని రాయడానికి భయపడకండి. అయితే తేడా కనబడకపోవడం వేరు, తేడా లేకపోవడం వేరు. పన్నెండు మందిని అడిగి తేడా లేదని తీర్పు చెప్పేయకూడదు.

గైడు దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడుతున్నారని రాశారు. "ఏం చేయమంటారు సార్" అని ఖాళీ చేతులతో వెళ్తే ఎవరికైనా విసుగే. ఆయన రాసిన పేపర్ ఒకటి చదివి, అందులో అర్థం కాని ఒక్క చోటు పట్టుకెళ్లండి. పేపర్ మొత్తం అర్థం కానక్కర్లేదు. ముందు బొమ్మలు, పట్టికలు చూడండి, తర్వాత వాళ్లు ఎలా చేశారో చదవండి. 1969లో అమెరికాలోని ఎం.ఐ.టి. అనే యూనివర్సిటీలో మార్గరెట్ మెక్‌వికార్ డిగ్రీ విద్యార్థులను ప్రొఫెసర్ల పరిశోధనలో భాగం చేసే కార్యక్రమం మొదలుపెట్టినప్పటి నుంచీ ఇలాంటి ఏర్పాట్లు చాలా యూనివర్సిటీల్లోకి వచ్చాయి. కాబట్టి మీరు అడుగుతున్నది వింత కోరికేం కాదు.

ఇద్దరూ తిరుగు ఉత్తరంలో మీ ప్రశ్న ఒక్క వాక్యంలో రాసి పంపండి. దాని కింద మీరు లెక్కపెట్టేదేమిటో, ఎన్ని మొక్కలో, ఎంతమంది మనుషులో రాయండి. మీరు అనుకుంటున్నది తప్పని ఒప్పుకోవాలంటే ఏ అంకె రావాలో అది కూడా, పని మొదలుపెట్టకముందే రాయండి. నేను మాత్రం ముందుగా మొక్కల సంఖ్య చూస్తాను.

మీ తాతయ్య