వాల్వు రేడియోలు: అపోహలు - వాస్తవాలు (పగలగొట్టకండి, అప్పుడే ప్లగ్గు కూడా పెట్టకండి)

వాల్వు రేడియోలు, అంటే ట్రాన్సిస్టర్ల బదులు గాలి తీసేసిన గాజు గొట్టాలతో (వాల్వులతో) పనిచేసే పాత సెట్లు, బాగుచేయడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న పిచ్చి. నా టేబుల్ మీద ఒకపక్క చెక్క క్యాబినెట్ సెట్టు, ఇంకోపక్క జేబులో పట్టే డీఎస్పీ రేడియో (సిగ్నల్ పనంతా ఒక డిజిటల్ చిప్పే చేసే కొత్తరకం) రెండూ ఉంటాయి, రెండూ రోజూ మోగుతాయి. తాతగారి రేడియో అటక మీంచి దించినవాళ్లు, కొత్తగా ఈ హాబీలోకి వద్దామనుకునేవాళ్లు నన్ను అడిగేవి, గట్టిగా నమ్మేవి కొన్ని ఉన్నాయి, వాటి గురించే ఇది.

అపోహ: పాత రేడియోలో రెడ్ మెర్క్యురీ ఉంటుంది, కోట్లు పలుకుతుంది.

నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ దీని గురించే. రెడ్ మెర్క్యురీ అని వాళ్లు చెప్పే పదార్థం అసలు లేనేలేదండీ. వాల్వు పైభాగంలో గాజు లోపల అద్దంలా మెరిసే పూత కనిపిస్తుంది కదా, దాన్ని చూసే చాలామంది పొరబడుతున్నారు, అది గెట్టర్, అంటే బేరియం పూత, లోపల మిగిలిపోయిన కాస్త గాలిని కూడా పీల్చుకోడానికి తయారీలోనే వేస్తారు. ఆ మెరుపు పోయి తెల్లగా పాలిపోయిందంటే లోపలికి గాలి వెళ్లింది, ఇక ఆ వాల్వు పనికిరాదు. పాదరసం వాడిన వాల్వులు ఉన్నమాట నిజమే, ట్రాన్స్‌మిటర్లలో వాడే కొన్ని పెద్ద రెక్టిఫయర్లు, వాటిలో ఉండేది కూడా మామూలు వెండిరంగు పాదరసమే, ఇంట్లో రేడియోలో అవి ఉండవు. రెడ్ మెర్క్యురీ అద్దంలో కనపడదు, వెల్లుల్లి పెడితే పారిపోతుంది, బంగారం పెడితే దగ్గరికొస్తుంది అని వీడియోలు తిప్పుతున్నారు. రైస్ పుల్లింగ్ చెంబులని చెప్పి మన దగ్గర ఎంతమందిని ముంచారో ఇదీ అదే బాపతు.

ఒక పెద్దాయన సెట్టు తెచ్చారు, "ఇది మా నాన్నగారిది బాబూ, అందులో ఏదో ఉందని మా మేనల్లుడు విప్పి చూశాడు, మళ్లీ పాడుతుందా?" అని. వెనక అట్ట తీస్తే అయిదు సాకెట్లలో నాలుగు ఖాళీ. అయిదోదాంట్లో వాల్వు అడుగు మాత్రం పిన్నులతో సహా ఇరుక్కుని ఉంది, పైన గాజు లేదు, లోపలి సన్నటి గ్రిడ్ తీగ (వాల్వులో కరెంటుని అదుపుచేసేది) మెలికపడి బయటికి వేలాడుతోంది. వాల్వులన్నీ వెతికి తెచ్చి పాడించడానికి ఎనిమిది నెలలు పట్టింది. దయచేసి పగలగొట్టకండి.

అపోహ: పాతవి గట్టివి, ఎన్నేళ్లు పక్కన పడేసినా ప్లగ్గు పెడితే పాడతాయి.

క్యాబినెట్ గట్టిది, ట్రాన్స్‌ఫార్మర్ గట్టిది, కెపాసిటర్లు కాదు. మైనం పూసిన కాగితం కెపాసిటర్లు వాడకపోయినా తేమ పీల్చుకుని లీకవుతాయి, మన కోస్తా ఊళ్లలో మరీనూ. అన్నిట్లోకీ ప్రమాదం అవుట్‌పుట్ వాల్వు (స్పీకరుని నడిపేది) గ్రిడ్‌కి సిగ్నల్‌ని మాత్రమే పంపి డీసీని ఆపే కప్లింగ్ కెపాసిటర్. దాని అవతల రెండొందల వోల్టుల దాకా డీసీ ఉంటుంది, లీకయితే అది కాస్త కాస్తగా గ్రిడ్ మీదికొస్తుంది, ఈఎల్84 లాంటి వాల్వు మోయలేనంత కరెంటు లాగుతుంది, ప్లేటు ఎర్రగా కాలుతుంది, చివరికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. కొద్ది రూపాయల కెపాసిటర్ మార్చకపోతే జరిగే నష్టం ఇది. అందుకే నేను ముందు కాగితం కెపాసిటర్లూ, ఫిల్టర్ కెపాసిటర్లూ మార్చేసి, ఆ తర్వాతే సీరీస్ లాంప్ బోర్డు (సెట్టుకి వెళ్లే కరెంటు ముందు ఒక బల్బులోంచి వెళ్లేలా కట్టిన బోర్డు) మీద పెట్టి ఆన్ చేస్తా. బల్బు 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్‌దే కావాలి, ఎల్ఈడీ పనిచేయదు. ఒక్కసారి భగ్గున వెలిగి మెల్లగా డిమ్ అయితే మంచి గుర్తు, అలాగే వెలుగుతూ ఉండిపోతే ఎక్కడో షార్ట్ ఉంది, వెంటనే ఆపేయాలి.

ఇంకొకటి, ఇది ప్రాణాల మీదికి తెచ్చేది. ఏసీ/డీసీ సెట్లని ఉంటాయి, యూసీహెచ్81, యూఎల్84 అని వాల్వు పేరు 'యూ'తో మొదలయ్యేవి. వీటికి మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, చాసిస్ (భాగాలన్నీ బిగించిన లోపలి ఇనప చట్రం) నేరుగా కరెంటు వైరుకే కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే చాసిస్ మొత్తం ఫేజు అవుతుంది, నాబ్ ఊడిపోయి షాఫ్టు ముట్టుకున్నా, నాబ్‌లోని చిన్న స్క్రూ తగిలినా షాకే. కొత్తవాళ్లు వీటి జోలికి పోవద్దు.

అపోహ: వాల్వు సౌండు ముందు ఏదీ పనికిరాదు.

ఆ సౌండంటే నాకూ ప్రాణం. కానీ ఆ కమ్మదనంలో వాల్వు వాటా ఎంత, పెద్ద స్పీకరుది, చెక్క పెట్టెది ఎంత అని చూడాలి. ఒక ఈఎల్84 ఇచ్చేది నాలుగైదు వాట్లు. మీడియం వేవ్ స్టేషన్లు తొమ్మిది కిలోహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి కాబట్టి పక్క స్టేషన్ దూరకుండా సెట్టే పై స్వరాలు కోసేస్తుంది, మనకి మెత్తగా వినపడేది అందుకు కూడా. ఓసారి ఫోన్లోంచి అదే పాట ఓ పాత చెక్క పెట్టెలో ఉన్న ఎనిమిదంగుళాల స్పీకరుకి, చిన్న ఐసీ ఆంప్లిఫయర్ ద్వారా ఇచ్చి వినండి, తేడా ఎంత తగ్గిపోతుందో మీకే తెలుస్తుంది.

అపోహ: పాత సెట్లే ఎక్కువ స్టేషన్లు పట్టేవి.

అప్పుడు గాల్లో స్టేషన్లు ఎక్కువ, రొద తక్కువ. ఇప్పుడు ఇంటినిండా ఎల్ఈడీ బల్బులు, ఛార్జర్లు, ఇన్వర్టర్లు, వాటి గరగరలో బలహీనమైన స్టేషన్ మునిగిపోతుంది. చేతిలో రేడియో అయితే లోపల ఏరియల్‌గా పనిచేసే ఫెర్రైట్ రాడ్ ఉంటుంది, సెట్టు అటూ ఇటూ తిప్పితే రొద తగ్గే దిక్కు దొరుకుతుంది. చాలా వాల్వు సెట్లకి బయట ఏరియల్ వైరు, ఎర్తు రెండూ ఇవ్వాల్సిందే. నేను డాబా మీద పది మీటర్ల వైరు లాగి ఇన్వర్టర్ కట్టేసి కూర్చుంటే విజయవాడ 837 కిలోహెర్ట్జ్, హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ రెండూ రాత్రిళ్లు బాగానే వస్తాయి. డయల్ మీద మీటర్లే ఉంటే మూడు లక్షల్ని కిలోహెర్ట్జ్‌తో భాగించండి, 837 అంటే దాదాపు 358 మీటర్లు.

అపోహ: వాల్వులు ఇక దొరకవు.

ఈఎల్84, ఈసీసీ83 ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి, గిటార్ ఆంప్లిఫయర్లకి కావాలి కాబట్టి. ఈసీహెచ్81 లాంటి రేడియో వాల్వులకి మాత్రం పాత స్టాకే గతి. మ్యాజిక్ ఐ (స్టేషన్ సరిగ్గా కుదిరిందో లేదో పచ్చటి వెలుగుతో చూపించే వాల్వు) అయితే వెలుగు తగ్గిందంటే మార్చడమే, దొరికినా ఖరీదెక్కువ.

అపోహ: పాత సెట్లవాళ్లకి కొత్త పరికరాలంటే పడదు.

నా పని సగం కొత్తవాటి వల్లే సులువైంది. టీవీ చూడ్డానికి చేసిన చిన్న యూఎస్‌బీ డాంగిల్‌ని 2012 నుంచి హాబీవాళ్లు రేడియోగా వాడుతున్నారు, అందులో స్టేషన్లన్నీ స్క్రీన్ మీద గీతల్లా కనపడతాయి. కానీ దాంట్లో చిప్పు పోతే పారేయడమే. వాల్వు సెట్టులో సిగ్నల్ ఏరియల్ దగ్గర్నుంచి స్పీకరు దాకా ఎక్కడెక్కడ ఆగిందో మీటరు పెట్టి అడుగడుగూ వెతకొచ్చు. నాలుగు గంటలు వెతికి ఒక్క రెసిస్టర్ మార్చాక, వాల్వులు వేడెక్కే ఆ అరనిమిషం గది నిశ్శబ్దంగా ఉండి, స్పీకర్లో మెల్లగా హమ్ మొదలై దాని వెనకే మనిషి గొంతు వస్తుంది చూడండి, దానికోసమే నేను ఇందులో ఉన్నా.

మొదటి సెట్టు కొనేవాళ్లకి: మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది, 'ఈ'తో మొదలయ్యే వాల్వులున్నది చూసుకోండి, డయల్ గాజు పగలకుండా ఉండాలి (అది ఎక్కడా దొరకదు), అమ్మేవాడు "ఆన్ చేసి చూపిస్తా" అంటే వద్దనండి.